క్యాన్సర్ వీడియో వైద్యం: ఖర్చు పెట్టాల్సింది పామిడి వైపు

అనంతపురం జిల్లాలో క్యాన్సర్ మాట వచ్చిన ప్రతిచోటా ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ వినిపిస్తోంది. ఆపరేషన్ అయింది, కీమో అయింది, ఇక మూడు నెలలకోసారి రిపోర్టులు చూపించుకుంటే చాలు. ఆ పది నిమిషాల మాట కోసం పామిడి మనిషి బెంగళూరు దాకా ఎందుకు పోవాలి? డాక్టరు ఫోన్‌లో కనిపించి మాట్లాడితే సరిపోదా? దీనికి రెండు తొందరపాటు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. సరిపోతుంది, ఇక అన్నీ ఫోన్‌లోనే చూసేయవచ్చు అనేది ఒకటి. క్యాన్సర్‌ను ఫోన్‌లో చూడటమేమిటి అనేది రెండోది. రెండూ డాక్టరు కూర్చున్న చోటి నుంచి ఆలోచిస్తున్నవే. రోగి ఉన్న ఊళ్లో ఎవరున్నారు, ఏం ఉన్నాయి అన్నదే వీడియో వైద్యం ఫలితాన్ని తేలుస్తుందని పాతికేళ్ల అనుభవం, పలు దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. మన చర్చలో కొరవడింది ఆ విషయమే.

పెన్న ఒడ్డున, 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న పామిడికి అనంతపురం పెద్దాసుపత్రి 30 కిలోమీటర్ల పైచిలుకు దూరం. కర్నూలు 120 దాకా, బెంగళూరు 250 దాకా, తిరుపతి 300 దాకా ఉంటాయి. హైదరాబాద్ ఇంకా ఎక్కువ. కర్నూలులో రాష్ట్ర క్యాన్సర్ సంస్థ, తిరుపతిలో స్విమ్స్‌తో పాటు 2022లో తెరుచుకున్న టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి, బెంగళూరులో 1973 నుంచి నడుస్తున్న కిద్వాయ్, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, బసవతారకం. ఇక్కడి రోగులు ప్రధానంగా వెళ్లేది వీటికే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. వేరుశనగ, కంది, కూలి పని మీద బతికే ఇళ్లు, పామిడి పట్టణంలోనైతే బట్టల వ్యాపారం, దానికి అనుబంధంగా కుట్టు పని. కుట్టిన పీసుకింత అని లెక్కగట్టే పనిలో ఒక రోజు మిషన్ ఆగితే ఆ రోజు సంపాదన సున్నా. రోగితో వెళ్లే తోడు మనిషికీ అదే నష్టం.

నిజానికి ఈ భారాన్ని తగ్గించే బాధ్యతను ప్రభుత్వాలు ఎప్పుడో ఒప్పుకున్నాయి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. 2019లో ఆ పథకాన్ని బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ ఆసుపత్రులకు విస్తరించారు. చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి రైల్వే స్లీపర్ తరగతిలో పూర్తి రాయితీ ఇస్తుంది, తోడు వెళ్లేవారికి 75 శాతం. చికిత్స తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు ఇచ్చే ఆరోగ్య ఆసరా 2019 డిసెంబరులో వచ్చింది. అంటే పోయిన కూలి కూడా చికిత్స ఖర్చులో భాగమేనని రాష్ట్రం ఒకసారి లిఖితపూర్వకంగా అంగీకరించింది. అలాంటప్పుడు అవసరం లేని ప్రయాణాన్ని తప్పించడం రోగికి చేసే ఉపకారమేమీ కాదు, ఇదివరకే ఒప్పుకున్న బాధ్యతకు కొనసాగింపు.

దూరవైద్యం తెలుగు నేలకు కొత్త కాదు. 2000 మార్చి 24న హైదరాబాద్ వచ్చిన అమెరికా అధ్యక్షుడు క్లింటన్ చిత్తూరు జిల్లా అరగొండలోని అపోలో ఆసుపత్రి ఉపగ్రహ వైద్య కేంద్రాన్ని ప్రారంభించారు. ఆ తర్వాత కొద్దికాలానికే తిరువనంతపురంలోని రీజనల్ క్యాన్సర్ సెంటర్ ‘ఆన్‌కోనెట్’ పేరిట కేరళలోని దూరపు కేంద్రాలను తనతో కలుపుకుంది. 2019 నవంబరులో ఈ-సంజీవని దూరవైద్య వేదికను ఆరోగ్య ఉపకేంద్రాల స్థాయిలో మొట్టమొదట అమలు చేసిన రాష్ట్రం ఆంధ్రప్రదేశే. 2020 మార్చి 25న కేంద్రం దూరవైద్య మార్గదర్శకాలు విడుదల చేసింది. 2023 ఫిబ్రవరి నాటికి ఈ-సంజీవని సంప్రదింపులు దేశవ్యాప్తంగా 10 కోట్లు దాటాయి. అయితే ఈ పెద్ద అంకెలో ఎక్కువ భాగం జ్వరం, బీపీ, షుగర్, చర్మ వ్యాధుల వంటివే. క్యాన్సర్ వైద్యుడు అవతలి వైపు కూర్చునే ఏర్పాటు అందులో చాలా తక్కువ. వేదిక ఉంది, చట్టం ఉంది, అలవాటు కూడా పడింది. అయినా క్యాన్సర్ రోగి బస్సెక్కుతూనే ఉన్నాడు.

వీడియో వైద్యాన్ని అనుమానించే వైద్యుల వాదనను తేలిగ్గా తీసెయ్యకూడదు. రొమ్ములో గడ్డ, చంకలో బిళ్ల, పొట్టలో పెరిగిన కాలేయం చేత్తో తాకితేనే తెలుస్తాయి. నోటి క్యాన్సర్‌లో దవడ ఎంత బిగిసిందో, నాలుక కింద ఏముందో ఫోన్ కెమెరా చూపించలేదు. మొదటి నిర్ధారణ, చికిత్స పద్ధతిని ఎంచుకోవడం, ఆపరేషన్ నిర్ణయం, రేడియేషన్ ఎదురుగా కూర్చుని చేయవలసినవే. రేడియేషన్‌కైతే రోజూ యంత్రం దగ్గరికి పోక తప్పదు. జబ్బు తిరగబెట్టిందన్న కబురు చెప్పే రోజున కూడా మనిషి ఎదురుగా ఉండాలని నా అభిప్రాయం. నెట్ సిగ్నల్ తెగిపోతున్నప్పుడు వినాల్సిన మాట కాదది. అయితే ఒక రోగి చికిత్స మొత్తంలో ఇలాంటి సందర్భాలు కొన్నే. రక్తపరీక్ష చూసి తర్వాతి కీమోకు సరేననడం, హార్మోన్ బిళ్లలు కొనసాగించడం, వాంతులు, నోటిపూత, నొప్పి గురించి అడిగి మందు మార్చడం, మామూలుగా వచ్చిన స్కాన్ రిపోర్టు చదివి చెప్పడం మిగతావన్నీ. వీటి కోసం చేసే ప్రయాణాలే ఎక్కువ. అందుకే అన్నీ వీడియోలోనా, అన్నీ ఎదురుగానా అని వాదించుకోవడం వృథా. ఏ విజిట్‌ను ఎక్కడ జరపాలో చికిత్స మొదలైన రోజే రాసిపెట్టే పద్ధతి కావాలి.

రోగి దూరంగా ఉన్నా జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉంటే ఆయుష్షే పెరుగుతుందని చూపిన పరిశోధన ఒకటుంది. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో ఈథన్ బాష్ బృందం 766 మంది ముదిరిన క్యాన్సర్ రోగులను రెండు వర్గాలుగా విడదీసింది. ఒక వర్గం తమ బాధలను విజిట్ల మధ్యలో కంప్యూటర్ ద్వారా తెలియజేసింది, రెండో వర్గానికి మామూలు పద్ధతి. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం తెలియజేసిన వారి మధ్యస్థ జీవితకాలం 31.2 నెలలు, రెండో వర్గానిది 26 నెలలు. చాలా ఖరీదైన కొత్త మందులు కూడా ఇంత తేడా చూపించిన సందర్భాలు తక్కువ. ఫ్రాన్స్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులపై ఫాబ్రీస్ డెనీ చేసిన పరిశోధన కూడా అదే దారి చూపింది. ఈ ఫలితాలను చెప్పేవాళ్లు చాలామంది ఒక సంగతి వదిలేస్తుంటారు. న్యూయార్క్ రోగి బాధ పెరిగిందని నమోదు చేయగానే ఆ సమాచారం ఒక నర్సుకు చేరేది. ఆమె ఫోన్ చేసేది, మందు మార్పించేది, అవసరమైతే ఆసుపత్రికి రప్పించేది. ప్రాణం నిలిపింది ఆ నర్సు స్పందన. ఆమెను తీసేసి యాప్ ఒక్కటే తెచ్చుకుంటే ఆ ఫలితం రాదు.

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ అనుభవం మనకు ఇంకా దగ్గరిది. తీరంలోని టౌన్స్‌విల్ క్యాన్సర్ కేంద్రానికి, ఎడారి ప్రాంతపు గనుల పట్టణం మౌంట్ ఐసాకూ మధ్య దాదాపు 900 కిలోమీటర్లు. 2007 నుంచి టౌన్స్‌విల్ నిపుణులు వీడియోలో రోగిని, స్థానిక డాక్టరును, నర్సును ఒకేసారి చూస్తూ మౌంట్ ఐసాలోనే కీమో ఇప్పించడం మొదలుపెట్టారు. 2015లో ఆ బృందం ప్రచురించిన లెక్కల ప్రకారం మౌంట్ ఐసాలో చికిత్స పొందిన 89 మందిలోనూ, టౌన్స్‌విల్‌లో పొందిన 117 మందిలోనూ దుష్ప్రభావాలు, ఆసుపత్రిలో చేరికలు దాదాపు సమానం. అంతకుముందు 147 మంది రోగుల 605 వీడియో సంప్రదింపులపై వేసిన లెక్కలో, ఏర్పాట్ల ఖర్చు పోగా మూడు లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు పైగా ఆదా తేలింది. అక్కడ పెట్టుబడిలో ముఖ్యమైనది నర్సుల శిక్షణ. వీడియో తెర కొనడం అందులో చిన్న భాగం. ఆస్ట్రేలియా ధనిక దేశం కదా అనేవారు రువాండా వైపు చూడవచ్చు. 2012లో ఆ దేశపు గ్రామీణ ప్రాంతం బుటారోలో తెరుచుకున్న క్యాన్సర్ కేంద్రంలో మామూలు డాక్టర్లు, నర్సులు బోస్టన్‌లోని డానా-ఫార్బర్ నిపుణులతో క్రమం తప్పకుండా మాట్లాడుతూ నిర్ణీత పద్ధతుల ప్రకారం కీమో ఇస్తున్నారు. అక్కడ రోగి తెర ముందు కూర్చోడు, డాక్టరు కూర్చుంటాడు. దూరవైద్యం అంటే రోగికి, నిపుణుడికి మధ్య సంభాషణ అనుకునే మనకు ఈ రెండో రకం పెద్దగా తట్టదు. 2012లో టాటా మెమోరియల్ నేతృత్వంలో మొదలైన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ నడిపే ఆన్‌లైన్ ట్యూమర్ బోర్డులు ఇదే కోవలోవి. అనంతపురం డాక్టరు ఒక క్లిష్టమైన కేసును అక్కడ పెట్టి చర్చించగలిగితే రోగి కదలకుండానే పదిమంది నిపుణుల సలహా అందుతుంది.

ఇప్పుడు పామిడికి వద్దాం. కీమో ఎక్కించుకుని ఇంటికి వచ్చిన వారం, పది రోజులకు తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ సమయంలో 101 డిగ్రీల జ్వరం వస్తే అది మామూలు జ్వరం కాదు. గంటలోపు నరానికి యాంటీబయాటిక్ పడాలన్నది ప్రపంచమంతా అంగీకరించిన పద్ధతి. ఆలస్యమైతే రక్తం విషపూరితమై ప్రాణం పోవచ్చు. అర్ధరాత్రి ఆ జ్వరం వచ్చిన ఇంట్లోవాళ్లు ఏం చేయాలి? బెంగళూరు డాక్టరుకు వీడియో కాల్ కలిసినా ఆయన చెప్పేది ఒక్కటే: వెంటనే దగ్గరలోని ఆసుపత్రికి వెళ్లండి. దగ్గరలోని ఆసుపత్రి అంటే పామిడి సర్కారు ఆసుపత్రి. అక్కడి డ్యూటీ డాక్టరుకు వచ్చింది కీమో రోగి అని తెలియాలి, ఏ మందు ఏ రోజు పడిందో కాగితం కనిపించాలి, యాంటీబయాటిక్ అల్మారాలో ఉండాలి, తెల్లకణాల లెక్క తీసే యంత్రం పనిచేయాలి, 108లో అనంతపురం పంపే ముందే మొదటి డోసు పడాలి. ఇందులో ఏ ఒక్కటీ పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఇది లేకుండా వీడియో విజిట్లు పెంచడమంటే రోగిని పెద్దాసుపత్రి పర్యవేక్షణ నుంచి తప్పించి ఎవరి పర్యవేక్షణలోనూ లేకుండా వదిలేయడమే. సంశయవాదులు నిజంగా భయపడాల్సింది దీనికి, కెమెరా నాణ్యతకు కాదు.

ఫోన్ ఎవరి చేతిలో ఉంది అన్నది మరో చిక్కు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతమే, పురుషులు దాదాపు సగం. ఆ తర్వాత పరిస్థితి మెరుగుపడి ఉంటుంది, అంతరం మాత్రం ఒక్కసారిగా చెరిగిపోదు. మన దగ్గర ఎక్కువగా కనిపించే రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల రోగులు స్త్రీలే. రక్తస్రావం గురించి, దాంపత్యం గురించి, డిప్రెషన్ గురించి కొడుకు ఫోన్‌లో, కొడుకు ఎదుట ఏ తల్లి మాట్లాడుతుంది? బెంగళూరు డాక్టరుకు తెలుగు రాకపోతే ఆ మాట మరింత కుదించుకుపోతుంది. అందుకే విజిట్ ఇంట్లో జరగకూడదు, ఆరోగ్య కేంద్రంలో తలుపు వేసుకున్న గదిలో జరగాలి. పక్కన ఏఎన్ఎం గానీ, విలేజ్ హెల్త్ క్లినిక్‌లోని కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ గానీ ఉండాలి. బరువు తూచి, బీపీ చూసి, నోటిలో టార్చ్ వేసి కనబడినది డాక్టరుకు చెప్పేది ఆమె. కాల్ అయ్యాక ‘ఆయన చెప్పింది ఇదమ్మా’ అని మరోసారి వివరించేదీ ఆమే. 2024 నవంబరులో రాష్ట్రం ఇంటింటి క్యాన్సర్ పరీక్షలు మొదలుపెట్టినప్పుడు ఈ సిబ్బందే గడపగడపా తిరిగారు. జబ్బు పట్టుకోవడానికి పనికొచ్చిన మనుషులు చికిత్సలో తోడుండటానికీ పనికొస్తారు, శిక్షణ, సమయం ఇస్తే.

చట్టం మాటకొస్తే ఒక విషయంలో మనం అమెరికా కన్నా మెరుగ్గా ఉన్నాం, ఒక విషయంలో మనకు మనమే అడ్డుగోడ కట్టుకున్నాం. అమెరికాలో ఒక రాష్ట్రపు లైసెన్సుతో మరో రాష్ట్రపు రోగిని వీడియోలో చూడటానికి నేటికీ చిక్కులున్నాయి. మన 2020 మార్గదర్శకాల ప్రకారం నమోదైన వైద్యుడు దేశంలో ఎక్కడి రోగికైనా సలహా ఇవ్వవచ్చు. కర్ణాటక డాక్టరు పామిడి రోగిని చూడటానికి అభ్యంతరం లేదు. కానీ అదే మార్గదర్శకాలు మాదకద్రవ్యాల చట్టం కిందికొచ్చే మందులను దూరవైద్యంలో రాయకూడదని నిషేధించాయి. మార్ఫిన్ అందులో ఉంది. 2018లో ట్రమడాల్‌ను కూడా ఆ చట్టం కిందికి తెచ్చారు. ముదిరిన క్యాన్సర్‌లో నొప్పి తగ్గించే ప్రధాన ఔషధాలు ఇవే. వీడియో వైద్యానికి అన్నిటికన్నా గట్టి రుజువు ఉన్న రంగాల్లో ఒకటి ఉపశమన చికిత్స. అమెరికాలోని 22 క్యాన్సర్ కేంద్రాల్లో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 1,250 మందిపై జరిగి 2024లో వెలువడిన పరిశోధన, వీడియోలో ఇచ్చిన ఉపశమన సంరక్షణ ఎదురుగా ఇచ్చినదానితో సమానమని తేల్చింది. కదల్లేని మనిషికి, ఇంటి నుంచి కదలకూడని దశలో, వీడియో ద్వారా అందకూడనిది నొప్పి మందేనా? ఇది న్యాయం కాదు.

దుర్వినియోగం జరుగుతుందన్న భయం నిజమే. దానికి మార్గమూ ఉంది. 2014లో సవరించిన మాదకద్రవ్యాల చట్టం గుర్తింపు పొందిన వైద్య సంస్థల్లో మార్ఫిన్ నిల్వకు, పంపిణీకి దారి సులువు చేసింది. పామిడి ఆసుపత్రికి ఆ గుర్తింపు తెప్పించాలి. మొదటి చీటీ ఎదురుగా చూసిన శిక్షణ పొందిన డాక్టరు రాయాలి. తర్వాతి నెలల చీటీలను వీడియో ద్వారా పొడిగించి, మందు మాత్రం గుర్తింపు ఉన్న ఆసుపత్రిలోనే లెక్క రాసి ఇవ్వాలి. ఇందుకు మార్గదర్శకాల్లో కేంద్రం ఒక్క సవరణ చేస్తే చాలు. హైదరాబాద్ ఎంఎన్‌జేలో, కేరళలోని పాలియం ఇండియాలో మార్ఫిన్‌ను జాగ్రత్తగా వాడిన అనుభవం ఏళ్ల తరబడి ఉంది. ఆ సవరణ రాసేవారు ముందుగా మాట్లాడాల్సింది వాళ్లతో.

డబ్బు విషయంలో లెక్క సూటిగా ఉండాలి. ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ, పుట్టినప్పటి నుంచీ ఆసుపత్రిలో చేరికను, ఆపరేషన్‌ను కేంద్రంగా చేసుకున్న పథకం. పెద్దాసుపత్రికి రోగి వస్తేనే ఆదాయం. వీడియోలో చూసి ఇంటి దగ్గరే ఉండమంటే ఆదాయం తగ్గుతుంది. అలాంటప్పుడు మంచి మనసున్న డాక్టరు ఒకరిద్దరు చేస్తారు, సంస్థ చేయదు. మరోవైపు కొన్ని ప్రైవేటు ఆసుపత్రులు ఉచిత వీడియో సలహా పేరుతో రోగిని రప్పించుకునే దారి తెరుస్తాయి. రెండు బెడదలకూ మందు ఒకటే: వీడియో విజిట్‌కు పథకంలోనే ధర కట్టి, ఆ సొమ్మును రెండు భాగాలు చేసి, ఒకటి నిపుణుడి ఆసుపత్రికి, రెండోది రోగిని కూర్చోబెట్టి పరీక్షించిన స్థానిక కేంద్రానికి ఇవ్వాలి. ఫ్రాన్స్ 2018 నుంచే వీడియో సంప్రదింపులకు ప్రభుత్వ బీమా నుంచి చెల్లిస్తోంది. స్థానిక కేంద్రానికి చెల్లింపు లేకపోతే అక్కడి నర్సుకు ఇది మరో వెట్టిచాకిరీ అవుతుంది, ఆరు నెలల్లో తెర మీద దుమ్ము పేరుకుంటుంది.

2025-26 కేంద్ర బడ్జెట్ మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామంది, తొలి ఏడాది 200. అస్సాం ప్రభుత్వం, టాటా ట్రస్టులు కలిసి అంచెలంచెలుగా కట్టిన క్యాన్సర్ ఆసుపత్రుల్లో ఏడింటిని 2022 ఏప్రిల్‌లో ఒకేరోజు ప్రారంభించారు. పేద రాష్ట్రం కూడా జిల్లాల్లో చికిత్స నిలబెట్టగలదని అది చూపింది. అనంతపురంలో డే కేర్ కేంద్రం నడిస్తే పామిడి రోగికి బెంగళూరుకు, ఇంటికి మధ్య ఉండాల్సిన అంచె అదే అవుతుంది. తిరుపతి లేదా కిద్వాయ్ నిపుణుడు వీడియోలో ఉండి అనంతపురంలో కీమో ఇప్పించవచ్చు, తర్వాతి రక్తపరీక్ష, పలకరింపు పామిడిలో జరగవచ్చు. పక్క రాష్ట్రపు ప్రభుత్వ సంస్థ అయిన కిద్వాయ్‌తో ఇందుకోసం రాతపూర్వక ఒప్పందం అవసరం. కాల్‌లో చెప్పిన సలహాకు ఎవరు జవాబుదారీయో, రోగి ఫైలు రెండు వైపులా కనిపించేలా ఎవరు చూడాలో అందులో ఉండాలి. దేశంలో 2022లో 14 లక్షలకు పైగా కొత్త క్యాన్సర్ కేసులు, 9 లక్షలకు పైగా మరణాలు సంభవించాయని అంతర్జాతీయ అంచనా. పెద్ద నగరాల ఓపీలు ఈ భారాన్ని మోయలేకపోతున్న సంగతి కిద్వాయ్ ఆవరణలో పడుకున్న రాయలసీమ వాళ్లను చూస్తే అర్థమవుతుంది.

అధికారులు ఈ పథకాన్ని నెలకు ఎన్ని కాల్స్ అయ్యాయన్న లెక్కతో కొలవడం మొదలుపెడితే అంకెలు మాత్రం పెరుగుతాయి. అడగాల్సినవి వేరు. పామిడి మండలంలో కీమో మొదలుపెట్టిన వారిలో అన్ని సైకిళ్లూ పూర్తి చేసినవారు ఎందరు? జ్వరంతో వచ్చిన కీమో రోగికి మొదటి యాంటీబయాటిక్ ఎన్ని నిమిషాల్లో పడింది? నొప్పితో ఉన్నవారిలో మార్ఫిన్ అందినవారు ఎందరు? ఒక్కో రోగి ఏడాదిలో తప్పించుకున్న ప్రయాణాలు ఎన్ని? అనంతపురం డే కేర్ కేంద్రానికి నిధులు విడుదల చేసే జీవోలోనే ఈ నాలుగు లెక్కలను షరతుగా రాసి, మండలాలవారీగా ప్రతి మూడు నెలలకూ బయటపెట్టాలి.